చదువులమ్మ చేతిలో పుస్తకం

ప్రతి ఉదయం ఏడు గంటలకు ఆ ఇంట్లో మొదట వినిపించేది అద్దం విరిగిన చప్పుడు. వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారం ఉలిక్కిపడతారు. ఆ తరువాత ఆ చప్పుడుతోనే గడియారాలు సరిచేసుకుంటారు. ముందుగది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. వెనక రెండు గదులూ, వంటిల్లూ కాపురం. ఫ్రేములాయన బల్ల మీద అద్దం పరచి, వజ్రపు మొన ఉన్న కట్టరుతో ఒక్క గీత గీసి, బల్ల అంచుకు జరిపి రెండు చేతులా నొక్కుతాడు. టక్కుమంటుంది. గీసిన చోటనే విరుగుతుంది. తన చేతిలో ఏదీ అడ్డదిడ్డంగా విరగదన్నది నలభై ఏళ్ళుగా ఆయన గర్వం.

ఆ ఆదివారం అడ్డదిడ్డంగా విరిగింది.

"రెండోది," అంది భార్య, టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి. "పొద్దున లేచి రెండో అద్దం. చెయ్యి వణుకుతున్నప్పుడు ఆపెయ్యకూడదూ?"

"చెయ్యి వణకటం లేదు. అద్దంలోనే బుడగుంది."

"అవును మరి. మనింట్లో ఏం జరిగినా తప్పు అద్దానిదే."

ఆయన గాజుముక్కలు తుడవసాగాడు. వెనకగదిలో కూతురు మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో జుట్టు దువ్వుకోవడానికి తంటాలు పడుతోంది. కుడి మణికట్టుకు లావుపాటి కట్టు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు నూరే పని ఆమెది. వెంట్రుకవాసి తేడాను వేలికొసతో పసిగట్టే చెయ్యి అది. మూడు రోజుల కిందట, తోటి పనివాడితో ఫోనులో నవ్వుతూ మాట్లాడిందని, భర్త ఆ చేతిని గుమ్మానికీ తలుపుకూ మధ్య పెట్టి తలుపు మూశాడు. పొరపాటు అనుకోవడానికి వీల్లేదు. మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

ఆమె ఇలా పుట్టింటికి రావడం మూడోసారి. మొదటిసారి పెదవి చిట్లి వచ్చింది. రెండోసారి చెవిలోంచి రక్తం కారుతూ వచ్చింది. ఆ చెవి ఇప్పటికీ సగమే వింటుంది. రెండుసార్లూ తండ్రే వెంటబెట్టుకుని వెళ్ళి దింపి వచ్చాడు. అల్లుడు డ్రైవింగు నేర్పే బడి నడుపుతాడు. కొత్తవాళ్ళు నడిరోడ్డు మీద బండిని పదిసార్లు ఆపేసినా విసుక్కోడని అతనికి పేరు.

"పదింటికి వస్తానన్నాడమ్మా," అన్నాడు తండ్రి, గుమ్మం దగ్గరే నిలబడి. "క్షమాపణ చెప్పుకుంటానన్నాడు. ఫోనులో ఏడ్చాడు కూడా."

"పోయినసారీ ఏడ్చాడు నాన్నా. ఏడుపు బాగా వచ్చు ఆయనకి."

"అది కాదు చిట్టీ. ఎన్నాళ్ళని ఇక్కడుంటావు? ఎంతైనా ఆ ఇల్లే నీ ఇల్లు."

ఆమె దువ్వెన పక్కన పెట్టింది. ఆయన అలవాటుగా దుకాణం గోడ వంక చూపించాడు. "ఆవిణ్ణి చూడు. చదువులమ్మ. మొగుడు ఎంత బాధపెట్టినా నోరెత్తలేదట. ఓ మూల కూచుని పుస్తకం చదువుకుంటూ కాలం గడిపిందట. ఆ ఓర్పు వల్లనే కదా మనమందరం ఈ పూటకి ఇలా ఉన్నాం."

ఆ దుకాణంలో అమ్మకానికి పెట్టని ఫ్రేము అదొక్కటే. కోడిగుడ్డు ఆకారంలో కోసి ఫోటో అంచులు కప్పే మౌంటు అట్ట నడుమ, తెల్లదొరల పాలన నాటి ఒక ఆడమనిషి. ఫ్రేములాయన తాతకు కన్నతల్లి. చూపు సూటిగా ఉంటుంది. చేతులు రెండూ మడిచి రొమ్ము దగ్గర దేన్నో పట్టుకుని ఉంది. అట్ట అంచు సరిగ్గా అక్కడే అడ్డం రావడంతో అదేమిటో కనిపించదు. పుస్తకమని ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా తెలుసో ఎవరికీ తెలియదు. ఆ ఇంటి ఆడపిల్ల చదువు పూర్తిచేసిన రోజున అదే భంగిమలో, పుస్తకం రొమ్ముకు ఆనించి, ఫోటో తీయించుకోవడం ఆనవాయితీ. చదువులమ్మకు కుడివైపున అలాంటి ఫోటోలు ఐదున్నాయి. చివరిది కూతురిది. దాని ముందుది ఫ్రేములాయన అక్కగారిది.

ఆ అక్కగారు కోర్టు రికార్డుల గదిలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. ఎవరేం చెప్పినా "ఏదీ కాగితం?" అని అడగడం వల్ల ఆమెకు కాగితం అత్తయ్య అన్న పేరు స్థిరపడింది. తమ్ముడు చదువులమ్మ కథ ఎత్తినప్పుడల్లా ఆమె ఒకే ప్రశ్న వేసేది: "ఆ రోజుల్లో మనబోటివాళ్ళ ఆడపిల్లని ఏ బడిలో చేర్చుకున్నార్రా?" ఆయన ఒకే జవాబు చెప్పేవాడు: "నీకు అన్నిట్లోనూ అనుమానమే అక్కా."

పది కావస్తుండగా ఫ్రేములాయన దుకాణం షట్టరును సగానికి దించాడు. అల్లుడు వచ్చే రోజు అలా దించడం అలవాటు. ఇంటి మాట వీధిలోకి పోకూడదు.

అల్లుడు తల వంచి లోపలికి వచ్చాడు. ఉతికిన చొక్కా, గడ్డం నున్నగా. "మామయ్యగారూ, బాగున్నారా? అత్తయ్యగారూ, నాకు టీ వద్దండీ, త్వరగా వెళ్ళాలి." కూతురు వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పద," అన్నాడామెతో, నవ్వు చెరగకుండా. "సంచి ఏది?"

"నేను రాను."

"మామయ్యగారి ముందు బాగుండదు. పద."

"రానన్నాను కదా. చెవుడు నాకా నీకా?"

నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం కదిలింది. కట్టు ఉన్న మణికట్టునే వెతికి పట్టుకుని మెలిపెట్టాడు. ఆమె కేక సగం దించిన షట్టరు కిందుగా వీధిలోకి పోయింది. "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంటూ ఆ చేతితోనే ఆమెను విసిరి గోడకు కొట్టాడు. ఆమె తల గుమ్మం చెక్కకు తగిలింది, భుజం చదువులమ్మకు తగిలింది. ఫ్రేము మేకుతో సహా ఊడి నేలమీద పడి పగిలింది. ఆ గాజు మీదే ఆమె కూలబడింది.

మరుక్షణం జరిగినది ఆ ఇంట్లో అందరూ చూశారు. ఫ్రేములాయన పరుగెత్తుకు వచ్చి, వంగి, రెండు చేతులా ముందు ఫోటోను ఎత్తుకున్నాడు.

అరక్షణమే. తరువాత ఆయనే ఫోటో బల్లమీద పెట్టి కూతురి వైపు తిరిగాడు. అప్పటికే తల్లి ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని, కనుబొమ పైన గాయానికి కొంగు అదిమి పట్టుకుంది. కూతురు మాత్రం రక్తం కారుతున్న కన్ను మూసి, రెండో కంటితో తండ్రినే చూస్తోంది.

"వచ్చే ఆదివారం వస్తాను," అన్నాడు అల్లుడు చొక్కా సర్దుకుంటూ. "అప్పటికి సిద్ధంగా ఉండమనండి. ఈసారి తలుపు మధ్య పెట్టేది చెయ్యి కాదు." మళ్ళీ మర్యాదగా తల వంచి షట్టరు కిందుగా వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి కాగితం అత్తయ్య వచ్చింది. మేనకోడలి నుదుటి మీద కుట్లు చూసింది, తమ్ముణ్ణి చూసింది. బల్ల దగ్గరకు వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుంది. తేమకు ఉబ్బిన మౌంటు అట్ట ఫోటో నుంచి విడిపోయి ఉంది. వందేళ్ళ పైగా అట్ట కింద దాగిన భాగం ఎండ తగలక మిగతా ఫోటో కంటే నల్లగా, స్పష్టంగా ఉంది.

"ఒరేయ్," అంది. "ఇటు రా."

చదువులమ్మ చేతుల్లో ఉన్నది పుస్తకం కాదు. పలక. దాని మీద సుద్దతో 318, దాని కింద సంవత్సరం.

"బడి పలక అయ్యుంటుంది," అన్నాడు తమ్ముడు.

"బడిలో పిల్లలకి నంబర్లు వేసి ఎదురుగా నిలబెట్టి ఫోటో తియ్యరురా. ఎక్కడ తీస్తారో ముప్ఫయ్యేళ్ళు చూశాను నేను." ఆమె ఫోటోను కాంతికి ఎత్తింది. "ఇది జైల్లో తీసింది."

"అక్కా! నోటికొచ్చినట్టు మాట్లాడకు. మన ఇంటి దేవతలాంటి మనిషిని పట్టుకుని..."

"కాగితం చూశాకే మాట్లాడదాం." కళ్ళజోడు తీసింది. "చిట్టీ, రేపు నాతో వస్తావా? ఎడమచేత్తో పేజీలు తిప్పగలవు కదా?"

తండ్రి అడ్డు చెప్పబోయాడు. కూతురు అప్పటికే లేచి నిలబడింది. ఆదివారం లోపల చేయడానికి ఏదో ఒక పని ఆమెకు కావాలి.

ప్రభుత్వ రికార్డుల కార్యాలయంలో పాత జైలు రిజిస్టర్లు నేలమాళిగలో ఉన్నాయి. పురుగు తిన్న తోలు అట్టలు, ముట్టుకుంటే వేళ్ళకు అంటే ఎర్రటి పొడి. మొదటి రోజు దొరికిన 318 ఒక దొమ్మీ కేసు మనిషి.

"మీసాలున్నాయేమో చూడండత్తా," అంది మేనకోడలు. నాలుగు రోజుల్లో ఆమె చేసిన మొదటి పరిహాసం అది.

"నవ్వకు, కుట్లు సాగుతాయి. ప్రతి జైలుకీ ఒక 318 ఉంటాడు. ఆడవాళ్ళని విడిగా పెట్టిన జైలేదో ముందు తేలాలి."

రెండో రోజు ఆ జైలు తేలింది. మూడో రోజు ఆ సంవత్సరపు రిజిస్టరు దొరికింది. నాలుగో రోజు 318 ఎదురుగా ఉన్న వరుసలో మేనకోడలి వేలు ఆగింది. గుర్తింపు చిహ్నాలు: ముందుపన్ను విరిగినది, ఎడమ చెవితమ్మె చిరిగినది. ఆమె సంచిలోంచి ఫోటో తీసి, పనికి వాడే భూతద్దం పెట్టి చూసింది. చెవితమ్మె రెండుగా చీలి ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో అందరూ దాన్ని లోలాకు నీడ అనుకున్నారు. పక్క గడిలో మరో మాట ఉంది: చదవడం, రాయడం రాదు. దాని ఎదుట సంతకానికి బదులు బొటనవేలి ముద్ర.

అత్తయ్య ఆ ముద్ర వంక చూసింది. "ఆ పుస్తకం పేరు చెప్పే మా నాన్న నన్ను చదివించాడే," అంది. ఆ తరువాత కేసు నంబరు రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం నలుగురూ దుకాణంలో బల్ల చుట్టూ కూర్చున్నారు. షట్టరు సగం దించే ఉంది.

"దొరల కచేరీ భాషలో ఉంది. మన మాటల్లో చెప్తాను," అంది అత్తయ్య. "ఒక్క మాట కూడా నేను కలపలేదు. అనుమానముంటే కాపీ తెచ్చాను, చూసుకో."

ఆమె గొంతు ఎత్తకుండా, కోర్టు గుమస్తా చదివినట్టే చదివింది. ముద్దాయి వయసు పంతొమ్మిది. భర్త వడ్రంగి. చుట్టుపక్కలవాళ్ళు ముగ్గురు సాక్ష్యం చెప్పారు: కొట్టడం రోజూ వినేవాళ్ళమని, మధ్యకు వెళ్ళలేదని. డాక్టరు నివేదిక: ముద్దాయి వీపు మీద నిప్పుకట్టెతో పెట్టిన వాతలు పదకొండు, వాటిలో నాలుగు ఇంకా పచ్చివి. ఐదు నెలల గర్భం. ఘటన జరిగిన ఉదయం భర్త మండుతున్న కట్టెతో ఆమె కడుపు మీదికి వచ్చాడు. ఆమె చేతికి అందింది అతను చెక్క చెక్కే బాడిసే. మొదటి దెబ్బ మెడ మీద. అతను పడ్డాక మరో రెండు. మూడో రోజు అతను చనిపోయాడు.

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫ్రేములాయన బల్ల మీది కట్టరును తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "ఎవరో వేరే మనిషి," అన్నాడు. "చెవి చిరిగిన ఆడవాళ్ళు లోకంలో..."

"అది చివర్లో అడుగు. ముందు రెండో సాక్షి చెప్పింది విను." అత్తయ్య పేజీ తిప్పింది. "ప్రశ్న: ముద్దాయి నీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చింది? జవాబు: మూడుసార్లు. మొదటిసారి పన్ను విరిగి వచ్చింది. రెండోసారి చెవి తెగి వచ్చింది. మూడోసారి వీపు కాలి, కడుపుతో వచ్చింది. ప్రశ్న: వాతలు నీ కళ్ళతో చూశావా? జవాబు: చూశాను. ప్రశ్న: చూసి ఏం చేశావు? జవాబు: మూడుసార్లూ నేనే వెంటబెట్టుకుని వెళ్ళి దింపి వచ్చాను. ప్రశ్న: ఎందుకు? జవాబు..."

ఆమె ఆగింది. చదవడం ఆమెకు కూడా కష్టమైన చోటు అదొక్కటే.

"చదువక్కా."

"జవాబు: ఎంతైనా ఆ ఇల్లే ఆమె ఇల్లు."

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. ఫ్రేములాయన కదల్లేదు.

"రెండో సాక్షి ఎవరు?" అన్నాడు.

"ముద్దాయి తండ్రి."

కూతురు తండ్రి వైపు చూడలేదు. భార్య చూసింది. "రెండుసార్లు సంచి సర్దింది నేనే," అంది మెల్లగా. "మీరు తీసుకెళ్తారని తెలిసీ సర్దాను. మడతలు నలగకుండా సర్దాను. నన్ను ఏ సాక్షి అని రాస్తారొదినా?"

అత్తయ్య చివరి కాగితం తీసింది. కడుపుతో ఉన్నందున ఉరిశిక్ష తప్పి యావజ్జీవం పడింది. బిడ్డ జైల్లోనే పుట్టాడు. ఇరవై ఏళ్ళకు విడుదల. తీసుకువెళ్ళడానికి వచ్చినవాడి గడిలో: కొడుకు, వృత్తి, ఫోటోలకు చట్రాలు కట్టడం, నివాసం, ఈ వీధి. కింద వంకర టింకర సంతకం. దుకాణంలో పాత ఫ్రేముల వెనక ఇప్పటికీ కనిపించే తాతగారి సంతకం అది. దాన్ని గుర్తుపట్టడానికి ఫ్రేములాయనకు కాపీతో పోల్చుకునే అవసరం లేకపోయింది.

ఆయన లేచి వెనక పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. రేపటి గురించి మాట్లాడలేదు. కూతురు ఎడమచేత్తో తన సంచి తనే సర్దుకుంది. ఎక్కడికో ఆమెకే తెలియదు. ఇక్కడినుంచి మరోసారి ఎవరూ తీసుకువెళ్ళి దింపకముందే వెళ్ళిపోవాలని మాత్రం తెలుసు.

ఆదివారం పదింటికి అల్లుడు వచ్చాడు. ఫ్రేములాయన షట్టరు కిందనే, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"అమ్మాయి రాదు," అన్నాడు.

"పొద్దున్నే పరాచికాలా మామయ్యగారూ?"

"రాదు. నేను పంపను."

"రెండుసార్లు మీరే తెచ్చి అప్పగించారు కదండీ. నేనేమన్నా అడిగానా? ఆ ఇల్లే దాని ఇల్లని చెప్పింది మీరు కాదూ?"

"నేనే. రెండుసార్లూ తప్పు చేశాను. మూడోసారి చెయ్యను. వెళ్ళిపో."

'వెళ్ళండి' అనకపోవడం అల్లుడు గమనించాడు. ఆ నవ్వు మొదటిసారి చెరిగింది. మామగారి రొమ్ము మీద చేత్తో తోసి లోపలికి వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న చట్రం బద్దల్లోంచి చేతికి అందినదాన్ని లాగి కొట్టాడు. మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. రెండోది నుదుటి మీద. ఆయన వెనక్కి పడుతూ నిలువుటద్దాల దొంతరను పట్టుకోబోయాడు. దొంతర మొత్తం ఆయనతోబాటు నేలకూలింది. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా గీసిన చోటనే విరిగిన అద్దం ఆ నిమిషాన ఎటు పడితే అటు విరిగింది.

అల్లుడు ఆయన్ని దాటి వెనకగది వైపు అడుగు వేశాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆమె ఎడమచేతిలో చట్రాలు బిగించే కొయ్యసుత్తి, తలకంటే ఎత్తున ఉంది. చెయ్యి వణకటం లేదు.

నేలమీద, కంట్లోకి రక్తం కారుతుండగా, ఫ్రేములాయన ఆ దృశ్యం కిందినుంచి చూశాడు. ఇంకొక్క అడుగు. ఆ అడుగు తరువాత జరిగేది ఆయన నిన్ననే విన్నాడు: మొదటి దెబ్బ ఎక్కడ, తరువాత ఎన్ని, ఎన్నేళ్ళు. పంతొమ్మిదేళ్ళ పిల్ల చేతికి బాడిసె ఎందుకు వచ్చిందో కూడా ఇప్పుడే తెలిసింది. ఆ గుమ్మానికీ ఆ పిల్లకూ మధ్య ఉండవలసిన మనిషి ఆ రోజు లేడు.

ఆయన గాజు మీద పాకి అల్లుడి రెండు కాళ్ళనూ కౌగిలించుకుని లాగాడు. అతను బోర్లా పడ్డాడు. పడుతూనే మోచేత్తో, బద్దతో మామగారి వీపునూ తలనూ కొట్టసాగాడు. ఆయన వదల్లేదు.

"చిట్టీ! కింద పెట్టు!"

"మళ్ళీ నన్నే ఆగమంటావా నాన్నా?" ఆమె అరిచింది. ఏడు రోజుల నుంచి, బహుశా ఏడేళ్ళ నుంచి, ఆ గొంతులో ఆగి ఉన్న మాట అది. "నన్నే? మళ్ళీ నన్నే?"

"నిన్ను ఓర్చుకోమనటం లేదే తల్లీ! నేను పట్టుకున్నాను! నేనున్నాను! వీడి కోసం ఇరవయ్యేళ్ళు పలక పట్టుకుంటావా? నా అరచేతులు తెగినా వదలను, నువ్వు ఆ సుత్తి వదిలెయ్!"

సుత్తి గాలిలో ఆగింది. అప్పుడు, ఆ కాపురంలో ఎవరూ ఊహించని పని తల్లి చేసింది. గాజు మీదుగా నడిచి వెళ్ళి, రెండు చేతులా షట్టరు అంచు పట్టుకుని, ఒక్క ఊపున పైదాకా ఎత్తేసింది. ఆ ఇనుపచప్పుడుకు వీధంతా తిరిగి చూసింది. "రండి!" అని అరిచింది. "చూడండి! మా అల్లుడు మమ్మల్ని చంపుతున్నాడు! ఇదేం మొదటిసారి కాదు, ఇన్నాళ్ళూ మేమే దాచాం! రండి!"

మొదట ఎదురు దర్జీ వచ్చాడు, చేతిలో కత్తెరతోనే. తరువాత మందుల దుకాణం అన్నదమ్ములు, ఆ తరువాత అందరూ. నలుగురు కలిసి అల్లుణ్ణి నేలకు అదిమి పట్టుకునేదాకా ఫ్రేములాయన చేతులు విడలేదు. విడదీసి చూస్తే రెండు అరచేతుల్లోనూ గాజు దిగి ఉంది.

కూతురు సుత్తిని బల్ల మీద పెట్టింది. పెట్టాక మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి ముఖాన్ని ఎడమచేతిలోకి తీసుకుంది.

పోలీసులు వచ్చి అల్లుణ్ణి జీపెక్కించాక, కాగితం అత్తయ్య స్టేషనుకు వెళ్ళి గంటన్నరసేపు బల్ల ముందు నుంచి కదల్లేదు. "ఫిర్యాదు తీసుకున్నాం కదమ్మా, వెళ్ళండి," అన్నాడు అక్కడి రైటరు.

"తీసుకున్నట్టు కాగితం?"

"నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది నాయనా. వందేళ్ళ తరువాత ఎవరైనా వెతికితే దొరకొద్దూ?"

కాగితం ఇచ్చాడు.

మూడు వారాలకు ఫ్రేములాయన మళ్ళీ బల్ల దగ్గరకు వచ్చాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది, ఎడమ అరచేతికి ఇంకా గుడ్డ చుట్టి ఉంది. ఎదురుగా కూతురు, కుడిచేతికి కట్టుతో. బల్ల మీద చదువులమ్మ. పక్కన పాత మౌంటు అట్ట.

"ఒకటి గమనించావా?" అన్నాడాయన, ఫోటోను చూపుడువేలితో తాకకుండానే చూపిస్తూ. "మా తాత దీన్ని కత్తిరించలేదు. పలక ఎవరికీ కనపడకూడదనుకుంటే కత్తెర వేస్తే సరిపోయేది, అర నిమిషం పని. కత్తిరించలేదు, అట్ట కప్పాడంతే. ఫ్రేములు కట్టేవాడికి తెలుసు, అట్ట ఏదో ఒక రోజు ఊడుతుందని."

"ఊడాలనే కప్పాడంటావురా?" అంది అత్తయ్య కుర్చీలోంచి.

"అనుకుంటున్నాను."

"కాగితం లేదు. నేను రాసుకోను." కళ్ళజోడు తుడుచుకుని, "కానీ కాదనను," అంది.

"మరి ఈ ఫోటోలేం చేద్దాం?" తల్లి గోడ మీది ఐదు పుస్తకాల ఫోటోలు చూపించింది. "తెలియక అందరూ జైల్లో నిలబడ్డట్టు నిలబడ్డారు."

"ఉండనివ్వు," అంది అత్తయ్య. "కారణం తప్పయింది కానీ, పుస్తకం తప్పు కాదు. నేను నిజంగానే చదివాను."

నవ్వు ఆగాక ఫ్రేములాయన కూతురి వైపు తిరిగాడు. ఈ మాట కోసం మూడు వారాలు ఆగాడు.

"ఆ రోజు నువ్వు కిందపడితే, నేను ముందు ఫోటో ఎత్తాను."

"చూశాను నాన్నా."

"మర్చిపోతావా?"

ఆమె ఆలోచించింది. "మర్చిపోను," అంది. "అబద్ధం చెప్పను. రెండో ఆదివారం కూడా మర్చిపోను." బల్ల మీదికి వంగింది. "ఆ కట్టరిటివ్వు. స్కేలు నువ్వు పట్టుకో."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. అలాగే, ఉన్న ఒక్క అరచేతితో స్కేలును అద్దానికి అదిమి పట్టుకున్నాడు. కొత్త మౌంటు అప్పటికే నలుచదరంగా కోశారు. పలక మొత్తం కనిపించేలా, నంబరు కింద సంవత్సరం కూడా కనిపించేలా. దానికి సరిపడే అద్దం ఇది. ఆమె ఎడమచేత్తో, శ్వాస బిగపట్టి, ఒక్క గీత గీసింది. ఇద్దరూ కలిసి అద్దాన్ని బల్ల అంచుకు జరిపారు. ఆయన చెయ్యి ఒకవైపు, ఆమె చెయ్యి ఒకవైపు.

"నొక్కుదామా?"

"ఒకేసారి, నాన్నా. ఒకళ్ళు ముందు నొక్కితే పక్కకి పోతుంది."

పైదాకా ఎత్తిన షట్టరు అవతల, వీధి వీధంతా వినేలా, అద్దం టక్కుమంది.